ఆల్ఫా 1750 అమ్మకం: కథనంలో రాని వివరాలు

సంపాదకులకు నమస్కారం.

ఇటలీలో పునరుద్ధరించి అమ్మకానికి పెట్టిన 1969 నాటి ఆల్ఫా రోమియో కూపే (రెండు తలుపుల కారు) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాం. తెలుగు పత్రికలో ఇలాంటి కారుకు అరపేజీ దక్కడం మాకు సంతోషమే. పాత కార్ల టింకరింగ్, ఇంజిన్ పనులు దగ్గరగా ఎరిగినవాళ్లం కాబట్టి రెండు విషయాలు రాయక తప్పడం లేదు. ఫొటో కింద కారు పేరు తప్పుపడింది. దానికంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఎర్ర రంగు, తోలు సీట్లు, చెక్క స్టీరింగ్ గురించి మూడు పేరాలు రాశారు గానీ అడుగు రేకు గురించి, ఇంజిన్ నంబరు గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఈ కారు విలువ ఉండేది ఆ రెండింటిలోనే. మీ పాఠకుల్లో అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి ఇలాంటి కారు మీద మనసు పడేవాళ్లు ఉంటారు. వాళ్ల డబ్బు పోకూడదనే ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. ఫొటో కింద 'జీటీఏ' అని వేశారు. ఫొటోలో ఉన్నది 1750 జీటీవీ. గుర్తుపట్టడం కష్టం కాదు. 1965లో వచ్చిన అసలు జీటీఏకి ముందువైపు రెండే హెడ్‌లైట్లు, బానెట్ ముందు అంచు దగ్గర మెట్టులా ఒక ఎత్తు ఉంటుంది. 1968లో వచ్చిన 1750 జీటీవీకి ఆ మెట్టు తీసేసి ముక్కు నున్నగా చేశారు, హెడ్‌లైట్లు నాలుగయ్యాయి. జీటీఏ పందేల కోసం చేసిన కారు. దాని పైరేకులు అల్యూమినియం మిశ్రమానివి, ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. దానికి మూలమైన మామూలు స్ప్రింట్ జీటీ 950 కేజీలైతే జీటీఏ 745 కేజీలే. 1600 సీసీ జీటీఏలు తయారైనవి సుమారు 500. అందుకే దాని ధర మామూలు కూపే ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. అందుకే మామూలు కారుకి జీటీఏల మీద ఉండే నాలుగాకుల బొమ్మ అతికించి జీటీఏ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. తలుపు మీద, మడ్‌గార్డ్ మీద అయస్కాంతం పెడితే జీటీఏకి అంటదు. బానెట్ ఎత్తితే నాలుగు ప్లగ్ వైర్లకు బదులు ఎనిమిది కనిపించాలి. నాలుగు హెడ్‌లైట్లతో జీటీఏఎం అనే పందెపు కారు ఉన్నమాట నిజమే గానీ, ఉబ్బిన చక్రాల అంచులతో అది చూడగానే తెలిసిపోతుంది. దయచేసి సవరణ వేయండి. పత్రికలో పడిన పేరును కత్తిరించి కారు ఫైల్లో పెట్టుకునే అమ్మకందారులుంటారు.

ఇక ఈ కారు వంశం. మిలాన్ దగ్గర అరేజేలో కొత్త కర్మాగారం మొదలైన రోజుల్లో, 1963లో, జూలియా స్ప్రింట్ జీటీ వచ్చింది. బెర్టోనే సంస్థలో పనిచేస్తున్న జోర్జెట్టో జూజారో పాతికేళ్లయినా నిండని వయసులో గీసిన రూపమది. కంపెనీ లెక్కల్లో ఇది 105 వరుస. 1290 సీసీ జూనియర్ మొదలుకొని 1570, 1779, చివరికి 1962 సీసీ దాకా ఇంజిన్లు మారాయి గానీ ఎముకల గూడు అదే. చక్రాల మధ్య దూరం 2350 మిల్లీమీటర్లు, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ఇంజిన్ తల మీద వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు. మన రోడ్ల మీద ఫియట్ 1100 ఒక్క కార్బురేటర్‌తో, నాలుగు గేర్లతో నడుస్తున్న కాలంలో మధ్యతరగతి ఇటాలియన్ ఇంటికి ఇది దొరికేది. 1970ల మధ్య దాకా రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. అంటే ఇది అరుదైన కారు కాదు. బాగున్న కారు మాత్రం అరుదు.

బాగుందో లేదో తెలుసుకోవడం నంబర్లతో మొదలవుతుంది. ఛాసిస్ నంబరు బానెట్ కింద, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే అడ్డగోడ రేకులోనే అచ్చుకొట్టి ఉంటుంది. పక్కన రివెట్లతో బిగించిన ప్లేటు కూడా ఉంటుంది గానీ దాన్ని నమ్మొద్దు, కొత్త ప్లేట్లు డబ్బుకు దొరుకుతాయి. రేకులో కొట్టిన అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నాయా, ఆ ముక్కను వేరే కారు నుంచి కోసి అతికించిన వెల్డింగ్ గీత ఉందా అన్నది టార్చి పక్కవాటుగా వేసి చూడాలి. ఇంజిన్ బ్లాక్ మీద నంబరు వేరేగా ఉంటుంది. యూరప్ 1750 జీటీవీ అయితే ఏఆర్ 00548 తో మొదలవుతుంది. ఏఆర్ 00512 అని ఉంటే లోపల ఉన్నది 2000 జీటీవీ ఇంజిన్. బయటి కొలతల్లో ఒకేలా ఉంటాయి, బిగించడం సులువు, బలమూ కొంచెం ఎక్కువ. అందుకే చాలా కార్లలో మార్చేశారు. నడపడానికి అది మంచి ఇంజినే. కానీ 'అసలు ఇంజిన్' ధర అడిగితే ఇవ్వకూడదు. డ్యాష్‌బోర్డు కూడా సాక్ష్యం చెబుతుంది. 1750లో స్టీరింగ్ ఎదురుగా రెండు పెద్ద డయళ్లు, పెట్రోలు, వేడి చూపే చిన్న మీటర్లు మధ్య కన్సోల్‌లో. అన్నీ ఒకేచోట ఎదురుగా కనిపిస్తే అది 2000 డ్యాష్‌బోర్డు.

ఛాసిస్ నంబరు ఇచ్చి అడిగితే అరేజేలోని ఆల్ఫా రోమియో పత్రాల కేంద్రం ఆ కారు ఎప్పుడు తయారైంది, మొదట ఏ రంగు, ఏ దేశానికి వెళ్లింది అన్న వివరాలు లిఖితపూర్వకంగా ఇస్తుంది. ఎర్ర కారు త్వరగా అమ్ముడుపోతుందని తెలుపు, బూడిద, నీలం కార్లకు ఎర్ర రంగు కొట్టడం ఈ వ్యాపారంలో మామూలు. తలుపు లోపలి అట్ట విప్పినా, డ్యాష్‌బోర్డు కింద చూసినా పాత రంగు బయటపడుతుంది. రంగు మారడం నేరమేం కాదు. దాన్ని చెప్పి అమ్మాలి, అంతే.

ఇప్పుడు తుప్పు. ఈ ఒక్క విషయం మీదే కొంచెం విస్తారంగా రాయాలి. ఈ కారుకి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, రేకుల పెట్టె తనే బరువు మోయాలి. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే సిల్లే దాని వెన్నెముక. అది ఒక్క రేకు కాదు. బయటి రేకు, లోపలి రేకు, వాటి మధ్య బలానికి మరో రేకు, మొత్తం మూడు పొరలు. ముందు చక్రాలు చిమ్మిన బురద మడ్‌గార్డ్ వెనక పేరుకుంటుంది, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి, సిల్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట బుడగ కనిపించేసరికి మధ్య రేకు ఎప్పుడో పొడైపోయి ఉంటుంది. సరైన పని అంటే మూడు పొరలూ కోసి, మంచి రేకు తగిలే దాకా వెనక్కి వెళ్లి, కొత్తవి ఒక్కొక్కటిగా వెల్డ్ చేయడం. కోసే ముందు తలుపు ఖాళీలో ఇనప గొట్టాలతో అడ్డదన్నులు బిగించాలి. లేకపోతే కారు నడుము వంగిపోతుంది, ఆ తర్వాత తలుపు జన్మలో సరిగా పడదు. చవక పని అంటే కుళ్లిన సిల్ మీదే బయటి రేకు ఒకటి కప్పి, పుట్టీ పెట్టి, రంగు కొట్టడం. ఫొటోలో రెండూ ఒక్కలాగే మెరుస్తాయి.

కనిపెట్టే దారులు ఉన్నాయి. కారును వెనక జాకీ పాయింటు దగ్గర ఎత్తి తలుపు తెరిచి మూయండి. నేల మీద ఉన్నప్పుడు పడినట్టే తేలిగ్గా పడాలి. పైకెత్తాక రాసుకున్నా, తలుపు చుట్టూ ఉన్న సందు ఒకచోట మూసుకుపోయి ఇంకోచోట వెడల్పయినా పెట్టెలో బలం లేదని అర్థం. అసలు జాకీ పాయింటు దగ్గర ఎత్తనివ్వనన్న అమ్మకందారు దగ్గర ఇక ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. రంగు మందం కొలిచే చిన్న మీటరు కొనండి, పెద్ద ఖర్చు కాదు. కర్మాగారపు రంగయితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, మంచి రీపెయింట్ అయితే 200 నుంచి 350. 500 దాటితే కింద పుట్టీ ఉందేమోనని అనుమానించాలి, 1000 దాటితే అనుమానం అక్కర్లేదు. మీటరు లేకపోతే పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం సిల్ పొడవునా జరపండి, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదులుతుంది. ఫోనుకి తగిలించే గొట్టం కెమెరాను సిల్ కింది రంధ్రంలోంచి లోపలికి పంపితే మధ్య రేకు ఉందో లేదో కంటితోనే కనిపిస్తుంది. లోపల పసుపు, గోధుమ రంగు మైనపు పూత కనిపిస్తే సంతోషం. పని చేసినవాడికి మళ్లీ తుప్పు రాకూడదన్న బాధ్యత ఉందని అర్థం.

సిల్ తర్వాత చూడాల్సినవి: ముందు అద్దం కింది మూలలు, కాళ్ల కింద ఫ్లోర్ రేకు, వెనక చక్రాల పైన లోపలి, బయటి రేకులు కలిసే అంచు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, రేడియేటర్ కింద అడ్డంగా వెళ్లే రేకు, తలుపుల అడుగు. కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. తడిగా ఉంటే అద్దం రబ్బరు దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఈ రేకులన్నీ ఇవాళ యూరప్‌లో కొత్తవి దొరుకుతాయి, వాటి ధర కూడా భయపెట్టేది కాదు. ఖర్చంతా పని గంటలకే అవుతుంది. ఒక వైపు సిల్ సరిగా మార్చడానికి పట్టే కూలి రేకుల ధరకు ఎన్నో రెట్లు. అందుకే 'చిన్న తుప్పు ఉంది, ప్యాచ్ వేస్తే చాలు' అన్న మాట ఈ కారు విషయంలో ఎప్పుడూ నిజం కాదు.

పునరుద్ధరణ జరిగిందన్న ప్రతి కారుకీ ఫొటోల ఫైలు ఉండాలి. రంగు గీకేసి ఉత్త రేకు కనిపించే ఫొటో, కుళ్లిన భాగం కోసేశాక ఫొటో, కొత్త రేకు వెల్డ్ చేశాక ఇంకా ప్రైమర్ పడకముందు ఫొటో. ఈ మూడు దశలూ లేకుండా పాత కారు ఫొటో ఒకటి, మెరిసే కారు ఫొటో ఒకటి చూపిస్తే ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. మీ కథనంలో వేసినవి కూడా ఆ రెండే.

ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఇది అల్యూమినియం బ్లాకు, లోపల పిస్టన్లు కదిలే పోత ఇనుప గొట్టాలు, అంటే లైనర్లు, వాటి చుట్టూ నేరుగా నీళ్లు తిరుగుతాయి. క్యామ్‌షాఫ్టులు తిప్పేది బెల్టు కాదు, రెండు గొలుసులు. ఎగ్జాస్ట్ వాల్వుల కాడల్లో సోడియం నింపి వేడి లాగేస్తారు. సరిగా చూసుకుంటే ఎంతో కాలం నడిచే యంత్రమిది. దీని బలహీనత బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ పైకి వెళ్లే దారుల చుట్టూ గ్యాస్కెట్‌లో ఆరు చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. అవి గట్టిపడితే ఆయిలు నీళ్లలోకి పోతుంది. రేడియేటర్ మూత తీస్తే పైన జిడ్డు తెట్టె కడుతుంది, ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపిస్తుంది. గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లైనర్ల పై అంచు బ్లాకు ముఖం కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పైకి ఉండాలి, నాలుగూ సమానంగా ఉండాలి. ఒకటి కిందికి దిగి ఉంటే ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా అక్కడే కారుతుంది. హెడ్ విప్పిన ప్రతిసారీ డయల్ గేజీతో ఇది కొలవాలి. బిల్లుల్లో ఆ కొలత రాసి ఉందేమో చూడండి. రాసి పెట్టిన మెకానిక్ దొరికితే ఆ కారు మంచి చేతుల్లో పడిందనే లెక్క.

నీళ్ల బదులు సరైన కూలెంటే పోయాలి. ఉత్త నీళ్లు పోస్తే అల్యూమినియం లోపలి నుంచి గుల్లబారుతుంది. రెండేళ్లకోసారి కూలెంట్ మార్చడం ఖర్చు కిందికి రాదు.

చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేయమని పట్టుబట్టండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వెళ్లండి, ఎందుకంటే సగం రోగాలు చలిలోనే బయటపడతాయి. స్టార్ట్ అయ్యాక వాల్వుల నుంచి సన్నటి టకటక రావడం తప్పు కాదు. చలి మీద ఇన్‌లెట్ వాల్వుకు 0.475 నుంచి 0.500 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.525 నుంచి 0.550 దాకా సందు ఉండాలని లెక్క. అది సరిచేయాలంటే క్యామ్‌షాఫ్టులు విప్పి, వాల్వు మీద టోపీలా కూర్చునే బకెట్ కింద ఉండే బిళ్లల మందం మార్చాలి. శ్రమ ఎక్కువ కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. సందు తగ్గిపోయి అసలు చప్పుడే రాని ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. నిశ్శబ్దంగా ఉందని మురిసిపోకండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ చూడండి. రోడ్డు వేగంలో చదరపు సెంటీమీటరుకు 3.5 నుంచి 5 కేజీలు, నిలబెట్టినప్పుడు 0.5 నుంచి 1 కేజీ ఉంటే చాలు. నిలబెట్టినప్పుడు సూది కిందికి జారడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు, అది ఈ ఇంజిన్ స్వభావం. రోడ్డు వేగంలో కూడా పైకి లేవకపోతేనే బేరింగుల గురించి ఆలోచించాలి. ఎత్తు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, మళ్లీ నొక్కినప్పుడు వెనక నీలం పొగ వస్తే వాల్వ్ గైడ్లు అరిగాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా పది శాతం లోపు ఉందా అన్నదే ముఖ్యం.

యూరప్ కారుకి పక్కవాటుగా రెండు జంట కార్బురేటర్లు ఉంటాయి. వెబర్, డెల్లోర్టో, సోలెక్స్ మూడింటిలో ఏదైనా కావచ్చు. నిలకడ లేకుండా తిరిగినా, మిస్సింగ్ ఇచ్చినా అందరూ ముందు పెట్రోలు కొలిచి వదిలే జెట్లే మారుస్తారు. అసలు దోషం తరచుగా కార్బురేటర్‌నీ హెడ్‌నీ కలిపే రబ్బరు మౌంట్లలో ఉంటుంది. రబ్బరు చీలితే అక్కడి నుంచి అదనపు గాలి లోపలికి పోయి మిశ్రమం పలచబడుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా కార్బురేటర్‌ను చేత్తో మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. చప్పుడు మారిందంటే మౌంటు పోయింది. చిన్న వస్తువే గానీ, దాన్ని వదిలేస్తే పలచటి మిశ్రమం వేడికి పిస్టన్‌నే తినేస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక ప్రత్యేక మాట. అక్కడి పొగ నిబంధనల కోసం 1969 నుంచి ఆ దేశానికి వెళ్లిన 1750లకు కార్బురేటర్లు కాకుండా స్పీకా సంస్థ చేసిన మెకానికల్ ఇంజెక్షన్ పంపు పెట్టారు. ఆ ఇంజిన్ నంబరు ఏఆర్ 00551 తో మొదలవుతుంది. ఆ పంపు అంటే భయపడి చాలామంది పీకేసి వెబర్లు పెట్టించారు. భయపడాల్సింది లేదు, అది అర్థం కాకపోవడమే అసలు ఇబ్బంది. ఇంజిన్ వేడెక్కిందని పంపుకి చెప్పే థర్మోస్టాటిక్ యాక్చుయేటర్ పాడైతే పంపు ఎప్పుడూ చలిలోనే ఉన్నాననుకుని పెట్రోలు కుమ్మరిస్తుంది. నల్లటి పొగ, తడిసిన ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ అన్నీ ఆ ఒక్క ముక్క వల్లే. అది మార్చకుండా పంపునే తిప్పుతూ కూర్చుంటే సెట్టింగ్ మొత్తం చెడుతుంది. ఇంకొకటి, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోలు వాసన ఉంటే పంపు లోపలి ప్లంజర్లు అరిగి పెట్రోలు కిందికి దిగుతోంది. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. స్పీకా మొత్తం అసలు రూపంలో, పనిచేసే స్థితిలో ఉన్న కారు దొరికితే దాన్ని కాపాడుకోండి.

గేర్‌బాక్సులో రెండో గేరు సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) ముందుగా అరుగుతుంది. చలి మీద మూడు నుంచి రెండుకి దించినప్పుడు గరగర వస్తే అదే. వేడెక్కాక తగ్గుతుంది కాబట్టి అమ్మకందారు ముందే ఒక చుట్టు తిప్పి ఉంచుతాడు. వెనక ఇరుసును పట్టుకునే చేతుల బుష్షులు, పైన మధ్యలో ఉండే చెయ్యి బుష్షులు అరిగితే యాక్సిలరేటర్ వదిలి నొక్కినప్పుడల్లా వెనక ఠక్కుమంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు ఉండే గుండ్రటి రబ్బరు జాయింటు పగిలిందేమో కింద పడుకుని చూడండి. బ్రేకు గొట్టాల రబ్బరు లోపల వాచి నూనె వెనక్కి రానివ్వకపోతే ఒక చక్రం పట్టేసి వేడెక్కుతుంది. టైరు గోడ మీద ఉండే నాలుగంకెల కోడ్ చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. గాడి నిండుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద ఈ కారును వేగంగా నడపకూడదు. 1750కి సరైన కొలత 165 మిల్లీమీటర్ల వెడల్పు, 14 అంగుళాల రిమ్. వెడల్పు టైర్లు వేస్తే చూడ్డానికి బాగుంటుందేమో గానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో కారు చెప్పే కబురు చేతికి అందదు.

కాగితాలు దేశాన్ని బట్టి మారతాయి. ఇటలీలో వాహన యజమానుల ప్రభుత్వ రిజిస్టరు ఉంది, అక్కడి నుంచి ఆ కారు చేతులు మారిన చరిత్ర తీయించవచ్చు. పాత వాహనాల సమాఖ్య ఏఎస్ఐ ఇచ్చే ధ్రువపత్రం ఉంటే మంచిది. అయితే అది కారు గుర్తింపుకి సంబంధించినది, సిల్ లోపల ఏముందో చెప్పే హామీ కాదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. దానివల్ల ఏళ్ల తరబడి ఎవరూ కింద పడుకుని చూడని కార్లు అమ్మకానికి వస్తున్నాయి. కొనే ముందు స్వచ్ఛందంగా ఆ తనిఖీ చేయించమని అడగండి. ఒప్పుకోని చోట బేరం ఆపేయండి. అమెరికాకు తెచ్చుకునేవాళ్లకు 25 ఏళ్లు దాటిన కార్లనే సులువుగా రానిచ్చే నిబంధన గీతను ఈ కారు ఎప్పుడో దాటేసింది, ఆ చిక్కు లేదు.

ఇండియాకి తేవాలనుకునేవాళ్లు మాత్రం కొనకముందే కొన్ని విషయాలు తూచుకోవాలి. చాలాకాలం 1950కి ముందు తయారైన వాహనాలనే వింటేజ్ పేరిట సులువుగా దిగుమతి చేసుకోనిచ్చేవారు. 2025లో ఆ గీత 50 ఏళ్లకు మారింది, కాబట్టి 1969 కారుకి దారి తెరుచుకుంది. సుంకాలన్నీ కలిపితే కారు ధరకు మించిపోతాయన్నది ముందే లెక్కలో వేసుకోవాలి. వచ్చాక రిజిస్ట్రేషన్ 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద జరుగుతుంది. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు, నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి ఈ కారు వాడకూడదు. అసలు మెలిక నిర్వచనంలో ఉంది. వాహనం మూల రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. 00512 ఇంజిన్ పెట్టిన 1750, చక్రాల అంచులు ఉబ్బించిన 1750 విదేశంలో ఎంత సరదాగా నడిచినా ఇక్కడి దరఖాస్తు దగ్గర చిక్కు తెస్తాయి. మొదట చెప్పిన అరేజే పత్రం, వెల్డింగ్ ఫొటోలు అప్పుడు అక్కరకొస్తాయి.

స్టీరింగ్ ఎడమవైపు ఉన్న వాహనానికి పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలని మన మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఈ కారుకి ఇండికేటర్లు ఉన్నాయి, వాటి రిలే, వైరింగ్, వెనక దీపాల ఎర్తు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పాత ఇటాలియన్ కార్లలో ఎర్తు తుప్పుపట్టడం వల్లే సగం దీపాలు వెలగవు. ఇక పెట్రోలు. ఇక్కడి బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 1969 నాటి రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ సీళ్లు దాని కోసం చేసినవి కావు. మెత్తబడి, పగిలి, వేడి ఎగ్జాస్ట్ పక్కనే పెట్రోలు కారుస్తాయి. కారు దిగుమతి అయిన వెంటనే, మొదటి ట్యాంకు నింపకముందే, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చాలి. క్లిప్పులు కొత్తవి వేయాలి, ఫిల్టర్ పారదర్శకమైనది పెట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తరచూ చూడాలి. ట్యాంకులో పాత తుప్పు ఉంటే ఇథనాల్ దాన్ని వదిలించి ముందుకు తోస్తుంది, నీటిని కూడా పీల్చుకుంటుంది. కారును నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ గిన్నెల్లో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ తిప్పి ఆపేయండి. ఇంజిన్ ఆయిలు 20డబ్ల్యూ-50, సుమారు ఆరున్నర లీటర్లు పడుతుంది.

ఇట్లు,
పాత కార్ల పని తెలిసిన పాఠకులు,
సికింద్రాబాద్